యాదగిరి మామ చేతిరాత మీకెక్కడైనా కనిపించిందా?

మా చిన్నప్పుడు కొత్తగూడలో ఎవరైనా కొత్త దుకాణం తెరుస్తున్నారంటే కొబ్బరికాయ కంటే ముందు యాదగిరి మామ రావాలి... బోర్డు రాయడానికి.

మామ అంటే చుట్టమేమీ కాదు. మేము కడప నుంచి వచ్చి అద్దెకు దిగిన ఇంట్లో పక్క వాటా ఆయనది. వాకిట్లో గోనెపట్టా పరుచుకుని, గోడకు రేకు ఆనించి రాసేవాడు. బడి లేని రోజు నేనూ ఆ పట్టా మీదే. అన్నానికి పిలిచీ పిలిచీ మా అమ్మ గొంతు పోయేది.

ఆయనకో పద్ధతి ఉండేది. ఏ పేరూ మొదటి అక్షరంతో మొదలుపెట్టేవాడు కాదు. సుద్దపొడి పట్టించిన దారాన్ని రేకు మీద లాగి వదిలి గీతలు వేసుకుని, ముందు మధ్య అక్షరం రాసి, అక్కడి నుంచి అటూ ఇటూ జరిగేవాడు. నేనేమో దర్జాగా ఎడమ పక్కన "శ్రీ" పెద్దగా రాసి, చివరికొచ్చేసరికి చోటు చాలక "స్టోర్స్"ని కుక్కేసేదాన్ని. ఆ అక్షరాలు సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడే జనంలా ఉండేవి.

"గంత ఆత్రమేంది బిడ్డా? ఆఖరున ఉన్నోనికి జాగ వద్దా?" అనేవాడు. అంటూనే కిరసనాయిలు గుడ్డతో మొత్తం తుడిచేసేవాడు. నేను ఏడ్చేదాన్ని.

నావే కాదు... ఆయనవీ అంతే! నా కోపమంతా అక్కడే. ఏ దుకాణం మూతపడ్డా ఆ రేకు వెనక్కి తెచ్చుకుని, పాత అక్షరాలు గీకేసి, పైన రంగు పూసి మరో పేరు రాసేవాడు. ఒకసారి ఒక మిఠాయి కొట్టు మూతపడింది. ఆ బోర్డు మీద "ఠ"లో చుక్క అచ్చం లడ్డూలో జీడిపప్పులా ఉండేది. దీన్ని మాత్రం ఉంచుకుందాం మామా అని రేకు పట్టుకుని కూర్చున్నాను.

"రేకైతే కొనాలె. అక్షరం నా చేతిలనే ఉంది గద... గిట్ల పరేషాన్ అయితవేంది?" అన్నాడు. గీకేశాడు.

ఆ చెయ్యి ఉన్నన్నాళ్లే కదా మామా ఆ మాట?

నేను పెద్దయ్యాక ఇద్దరం స్నేహితులమయ్యాం. బొమ్మలు వేయడమే నా బతుకుతెరువు అయింది... హైటెక్ సిటీ ఆఫీసుల క్యాంటీన్ గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేస్తుంటాను. ఫ్లెక్సీలు వచ్చి పని పోయాక మామ మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్‌గా కుదిరాడు. సెలవు రోజున వచ్చి, నా గోడ ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. "కుడి దిక్కు బరువైంది, జర తగ్గియ్" అనేవాడు. ఆర్ట్ కాలేజీలో ఎవరూ పట్టుకోని తప్పు ఆయన టీ తాగేలోపు పట్టేసేవాడు.

ఈ వానాకాలంలో మామ పోయాడు.

పదో రోజున ఆయన భార్య సత్తెమ్మత్త నా చెయ్యి పట్టుకుంది. "ఊరందరికీ రాసిండు. ఇంట్ల మాత్రం ఆయన రాసింది ఒక్క ముక్క లేదు. నీ కాడుంటే ఇయ్యవా బిడ్డా? ఫోటో పక్కన పెట్టుకుంట."

నా దగ్గర లేదు. అన్నేళ్లు పక్కనే కూర్చున్నాను, ఒక్క రేకు ముక్క దాచుకోలేదు.

ఇక వెతకడం మొదలుపెట్టాను. కొత్తగూడ చౌరస్తాలో ఎటు చూసినా లైట్లు వెలిగే అక్షరాలే. పాత కిరాణా కొట్టాయన్ని అడిగాను.

"గా రేకు బోర్డా? ఫ్లైఓవర్ పని నడిచినప్పుడే పాత ఇనుము కింద ఇచ్చేసినమమ్మా!" అన్నాడు. పాపం, పెట్టెలన్నీ వెతికి ప్రారంభోత్సవం ఫోటో తీసిచ్చాడు. అందులో కొట్టాయన ఉన్నాడు, మెడలో దండ ఉంది, వెనక బోర్డు ఉండాల్సిన చోట వచ్చినవాళ్ల తలకాయలున్నాయి.

మియాపూర్ అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ నంబర్లు మామే రాశాడని తెలిసి పరిగెత్తాను. అసోసియేషన్ సెక్రటరీ గారు నన్ను స్వయంగా కిందికి తీసుకెళ్లారు. "మొన్ననే అంతా కొత్తగా రంగు కొట్టించామండీ. పాతవి చేత్తో రాసినవి... ఇప్పుడన్నీ స్టిక్కర్లే. ఎంత నీటుగా ఉన్నాయో చూడండి!" అని మురిసిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. "బాగున్నాయండీ" అని వచ్చేశాను. ఆయన్ని అని ఏం లాభం?

అనే హక్కూ నాకు లేదని మర్నాడు తెలిసింది. నా పాత ఆల్బమ్ తెరిచాను. మామ రాసిన టైలర్ షాపు బోర్డు ముందు పదో తరగతిలో నేను నిలబడి తీయించుకున్న ఫోటో ఉండాలి. ఉంది. కానీ అప్పట్లో కాలేజీ దరఖాస్తు కోసమని నా ముఖం వరకూ కత్తెరతో కత్తిరించి మిగతాది పారేశాను; ఆ ముక్క కూడా దరఖాస్తుకు పనికిరాక ఆల్బమ్‌లోనే ఉండిపోయింది. భుజం వెనక పసుపు మీద చిన్న ఎర్ర వంపు మిగిలింది... అది ఏ అక్షరమో నాకే తెలియడం లేదు.

కొత్తగూడ, కొండాపూర్, మియాపూర్ వాళ్లెవరైనా ఇది చదువుతుంటే మీ ఇంట్లో పాత ఫోటోలు తీయండి. దుకాణం తెరిచిన రోజు, కొత్త స్కూటర్ కొన్న రోజు... అందులో మీవాళ్లను కాదు, వాళ్ల వెనక చూడండి. చేత్తో రాసిన బోర్డు కనిపిస్తే పంపండి. కింద పేరు ఉండదు, ఆయన ఎక్కడా సంతకం పెట్టలేదు. ఆయనదో కాదో నేను చెప్తాను. ఇప్పుడు తినే ఇడ్లీకి కూడా ఫోటో తీస్తున్నాం. అప్పుడు ఇంతమందిమి ఉండీ ఒక మనిషి చేతిపనిని చూడనే లేదు.

సత్తెమ్మత్త ప్రతి ఆదివారం ఫోన్ చేసి "దొరికిందా బిడ్డా?" అంటోంది. ఒక రేకు తెచ్చి నేనే రాసివ్వచ్చు... అచ్చం ఆయనలాగే రాయగలను. అత్తకు చదువు రాదు. ఏది ఇచ్చినా ఆయనదేనని కళ్లకద్దుకుంటుంది.

అందుకే ఇవ్వలేకపోతున్నాను.