మూడో గొంతు రాకముందే

మూడు వందల ఏళ్ల కిందట జర్మనీలో ఒక చర్చి వాద్యకారుడు రాసిన ఫ్యూగ్ అది. పాడేవాళ్లు ఉండరు, గొంతులన్నీ వాయించేవాడి వేళ్లలోనే. మొదట ఒక గొంతు ఒంటరిగా బయల్దేరుతుంది. రెండోది అదే మాటను పైనుంచి అందుకుంటుంది. మూడోది చాలాసేపటికి, అన్నిటికన్నా కింద, ఎడమచేతి చివరి వేళ్లలో మొదలవుతుంది. మూడూ కలిసి నడిచి ఒకచోట ఆగుతాయి.

నాకు దాన్ని నేర్పింది ఆళ్లగడ్డలో మా టీచరమ్మ. బడిలో లెక్కలు చెప్పేది, ఆదివారం చర్చిలో కాళ్లతో తొక్కే హార్మోనియం వాయించేది. ఆ హార్మోనియానికి ఎడమవైపు, కింది స్వరాల మెట్లు కొన్ని చెడిపోయి పలికేవి కావు. ఏళ్ల తరబడి ఆ ఫ్యూగ్ వాయించినా, మూడో గొంతును ఆమె కాగితం మీద చూసిందే కాని చెవితో వినలేదు.

నంద్యాలలో మా చర్చి సంఘానికి పియానో వచ్చింది. వాయించే పని నాకు అప్పగించారు. పియానో పెడల్ తొక్కి పట్టుకుంటే వేలు తీసినా స్వరం మోగుతూనే ఉంటుంది. ఈ పాత సంగీతం అలాంటి వాద్యం కోసం రాసింది కాదు. ఒక గొంతు ఆగితే ఆగినట్టు, నిలిస్తే నిలిచినట్టు వేళ్లే చెప్పాలి.

"కాలు తియ్ నాయనా. అన్నీ కలిపి సంగటి చేస్తాండావ్" అనేది టీచరమ్మ, నంద్యాల వచ్చినప్పుడు పక్కన కూర్చుని. అప్పటికి నా సాధన రెండు గొంతులు దాటలేదు.

"మరి పెడల్ ఎందుకు పెట్టినారు టీచరమ్మా?"

"తొక్కాలని అంత ఉంటే కుట్టుమిషను కొనుక్కో."

కిందటేడు ఆమెకు ఒక చెవి పూర్తిగా పోయింది. రెండోది కూడా నిలవదని డాక్టరు చెప్పాడు. ఆమె నన్ను అడిగింది ఒక్కటే. "ఇది మూసుకుపోకముందు ఒక్కసారి మొత్తం వినాల. ఆరాధనలోనే వాయించు. అది కచేరీ కాదు, దేవునికి రాసింది."

మా పాస్టరుగారు ఒప్పుకున్నారు. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్లకు ముందు ఐదు నిమిషాలు ఇచ్చారు. మూడు నెలలు సాధన చేశాను. ఆ ఆదివారం ఆమె ఆటో మాట్లాడుకుని వచ్చి ముందు వరసలో, మంచి చెవి పియానో వైపు పెట్టి కూర్చుంది.

ఆరోజు పాస్టరుగారు ఊళ్లో లేరు. చాగలమర్రి నుంచి వేరొక బోధకుడు వచ్చాడు. ఆయనకు ముందే ఒక మాట చెప్పి ఉండాల్సింది. నాకు తోచలేదు. మా సంఘాల్లో మెల్లని వాద్యం వినపడిందంటే అది ప్రార్థన వేళ. వెనకనుంచి స్వరాలు పట్టి ఉంచడమే వాయించేవాడి పని.

రెండో గొంతు అందుకుందో లేదో, ఆయన లేచి మైకు పట్టుకున్నాడు. "పరిశుద్ధుడవైన తండ్రీ..." సంఘమంతా చేతులెత్తింది. స్తోత్రాలు మొదలయ్యాయి. నేను ఆపకుండా వాయించగలిగేవాణ్ణే. కాని చిన్నప్పటి నుంచి చేసిన పనే నా చేతులు చేశాయి. ఫ్యూగ్ వదిలేసి మామూలుగా స్వరాలు పట్టాయి. కాలు పెడల్ మీదికి పోయింది. ప్రార్థనను నేను తప్పు పట్టను. ఆయన నిజంగానే ప్రార్థించాడు. వదిలేసింది నేను.

ఆరాధన అయ్యాక ఆమె నా చెయ్యి ఒకసారి నొక్కి ఆటో ఎక్కింది. వచ్చే ఆదివారం మొత్తం వాయించి, జరిగింది చెబుదామనుకున్నాను. ఆ వారంలోనే జ్వరం వచ్చి రెండో చెవీ పోయింది.

ఆళ్లగడ్డ వెళ్లాను. తన గొంతు తనకు వినపడక, ఆమె గట్టిగా మాట్లాడింది.

"ఆ పొద్దు మైకులో ఏందో గోల. ఆ గోల్లో నాకే అందలే. నువ్వు చివరిదాకా వాయించినావు గదా?"

లేదని చెప్పాలంటే కాగితం మీద రాయాలి. కలం జేబులోనే ఉంది. అబద్ధమాడకూడదని ఆదివారం బడి పిల్లలకు చెప్పేది నేనే. తల ఊపాను.

"అట్లయితే పైన ఆయన విన్నాడు. చాలు" అంది. కొంగు తల మీద కప్పుకుని, నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని, నేను వాయించినందుకు దేవునికి కృతజ్ఞతలు చెప్పడం మొదలుపెట్టింది. ఇంటి ముందు పోయేవాళ్లు కూడా ఆగి వినేటంత గట్టిగా. ప్రార్థన ముగించి కళ్లు తెరిచింది. ఆమేన్ అని నా పెదవులు కదిలేదాకా నా మొహమే చూస్తూ కూర్చుంది.