నల్లబొమ్మలో అమ్మ

మా ఇంట్లో అమ్మ ఫోటో ఒక్కటీ లేదు. ఫోటో తీసే దుకాణం జగదల్‌పూర్‌లో ఉండేది. భోపాలపట్నం నుంచి అక్కడికి వెళ్లి రావడమంటే ఆ రోజుల్లో పెద్ద ప్రయాణం. "ఈ సీజన్ కానియ్, అందరం పోదాం" అనేవాడు బాపు. ఆయన బతుకంతా ఇప్పపువ్వు సీజన్‌కీ చింతపండు సీజన్‌కీ మధ్యే గడిచిపోయింది.

ఉన్నదల్లా అద్దం కట్టిన ఒక నల్లబొమ్మ పటం. బస్తర్ రాజ్యం ఇండియాలో కలిసిన కొన్నేళ్లకు, ఒక పాత బంగళాలో సామాను నీలాం వేస్తే బాపు అడవి సరుకు కొనే తన దుకాణానికి బెంచీ కొన్నాడు. ఎవరికీ అక్కర్లేని ఆ పటం బెంచీతోపాటు వచ్చింది. ఏ దొర తెచ్చుకున్నదో! మూలన అచ్చయిన సంవత్సరం పద్దెనిమిది వందల్లోది. రంగన్నది లేదు, అంతా నల్ల గీతలే. ఒక వాగు, గట్టున చెట్లు, నీళ్లు తాగుతున్న రెండు ఆవులు, దూరంగా పొగ లేస్తున్న ఇల్లు. ఆ ఇంటి దారిలో, బుట్ట పట్టుకొని, మన వైపు వీపు తిప్పి నడిచిపోతున్న ఒక ఆడమనిషి. బియ్యపుగింజంత ఉండేది.

బాపు దాన్ని దుకాణంలో తక్కెడ పైన తగిలించాడు. ఏ ఊరని ఎవరడిగినా "విలాయత్" అనేవాడు. అమ్మ ఒప్పుకునేది కాదు.

"విలాయత్ ఏంది? మా ఊరి రేవే ఇది. గా పోయేది నేనే, మా అమ్మగారింటికి."

"మీ ఊర్ల గంత పొడుగు గౌను ఎవరు తొడుగుతరే?"

"మీరు పంపుండ్రి, గౌను తొడుక్కొని అయినా పోత."

అమ్మ పుట్టిల్లు గోదావరి అవతల. నీళ్లు తగ్గే ఎండాకాలంలోనే దాటడం సులువు. ఇప్పపువ్వు రాలిపడేదీ అప్పుడే. వరుసగా మూడేళ్లు బాపు "పువ్వు అయిపోనియ్" అన్నాడు. పువ్వు అయ్యేసరికి బీడీలు చుట్టే తునికాకు, ఆకు అయ్యేసరికి వానలు. నాలుగో ఏడు వానల్లో అమ్మకు జ్వరం వచ్చింది. వాగులు పొంగి, డాక్టరున్న బీజాపూర్‌కు పోయే దారి తెగిపోయింది. ఐదో రోజున అమ్మ చనిపోయింది. అప్పుడు నాకు ఏడేళ్లు.

సంవత్సరీకం నాటికి గోడకు పటం ఉండాలి, దండ వేయాలి, ముత్తయిదువుగా పోయింది కనుక బొట్టు పెట్టాలి. పటం ఎక్కణ్ణుంచి వస్తుంది? బాపు దుకాణంలోకి వెళ్లి నల్లబొమ్మను తీసుకొచ్చాడు. బియ్యపుగింజంత మనిషిని చూపించి, "గిదే మీ అమ్మ" అన్నాడు. తగిలిస్తుంటే చేయి జారి అద్దం పగిలింది. జగదల్‌పూర్ వెళ్లినప్పుడు కొత్తది వేయిద్దామన్నాడు. ఆ మాటను మేమెవరమూ నమ్మలేదు.

ప్రతి శుక్రవారం బొట్టు పెట్టే పని నాది. వీపు తిప్పిన మనిషికి బొట్టు ఎక్కడ పెట్టాలి?

"తలమీదనే పెట్టు బిడ్డా, ఆమెకు తెలుస్తది" అంది నాయనమ్మ.

తడిగుడ్డతో పాత బొట్టు తుడిచి, తడి కుంకుమ అద్దేదాన్ని. వారం తప్పితే అమ్మ నొచ్చుకుంటుందని నా భయం. అద్దం లేని కాగితాన్ని అలా ఎన్నేళ్లు రుద్దానో! మొదట బుట్ట పోయింది, తర్వాత భుజాలు. అంతా కుంకుమ మరకే అనుకున్నాను. అమ్మ ముఖం అప్పటికే నాకు సరిగ్గా గుర్తుకు రావడం మానేసింది. నాకు మిగిలింది ఆ వీపే.

ఒక శుక్రవారం నా వేలు కాగితంలోంచి దిగి వెనక చెక్కకు తగిలింది.

గుడ్డ తీసి చూస్తే అమ్మ లేదు. దారి ఉంది, ఇల్లు ఉంది, ఆవులు నిమ్మళంగా నీళ్లు తాగుతున్నాయి. నా ఏడుపు విని బాపు తూకం మధ్యలో వదిలేసి వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. పటాన్ని వాకిట్లో వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు. అమ్మ పోయిననాడు కూడా మా ముందు కన్నీరు పెట్టని మనిషి, అరుగు మీద కూలబడి ఏడ్చాడు.

"నేనే చెరిపేసిన బాపూ" అన్నాను.

"నువ్వు చెరుపుడు ఏంది బిడ్డా? అమ్మగారింటికి పోయింది. పోనియ్. ఈసారి నేను ఆపలే."