మడ్డి పూసిన అద్దం

నా చిన్నప్పుడు మా వాడలో పొగరుబోతు ఎవరని అడిగితే పసిపిల్లలు కూడా మా పక్కింటి అక్కనే చూపించేవాళ్ళు. ఎదురుగా నిలబడి పలకరిస్తే ఆమె మనిషి ముఖంలోకి చూసేది కాదు. మెడ కాస్త పక్కకు వంచి, మన చెవి అవతల ఇంకెవరో నిలబడ్డట్టు అటు చూస్తూ జవాబు చెప్పేది. "దానికి కండ్లు నెత్తికెక్కినయి" అని మా అవ్వ, అంటే మా నాన్న తల్లి, రోజుకొకసారైనా అనేది. ఆ మెడవంపు నడకను అచ్చం అలాగే నడిచి చూపించడంలో పిల్లలందరిలో నాదే పైచేయి. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ విద్యకు అప్పట్లో నాకు చాలా మెచ్చుకోళ్ళు దక్కాయి.

మాది బోధన్ నుంచి కోటగిరి వెళ్ళే తోవలో చిన్న ఊరు. మా బాపు, అదే మా నాన్న, చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. చెరకు రసంలోంచి చక్కెర తీసేశాక మిగిలే నల్లటి చిక్కటి పాకాన్ని మేం మడ్డి అనేవాళ్ళం. బర్రె దాణాలో కలపడానికి ఒక డబ్బా ఎప్పుడూ మా కొట్టంలో ఉండేది. పక్కింటి అక్కది బీడీల ఇల్లు. తల్లీ కూతుళ్ళిద్దరూ చాటలు ఒళ్ళో పెట్టుకుని పొద్దంతా చుట్టేవాళ్ళు. అక్క వేళ్ళ వేగం ముందు వాడలో ఎవరూ నిలిచేవాళ్ళు కాదు. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్ళు, నాకు పదేళ్ళు.

ఆ ఏడు చలికాలం వెళ్ళిపోయే రోజుల్లో పెద్ద సూర్యగ్రహణం వస్తుందన్నారు. ఉత్త కళ్ళతో సూర్యుణ్ణి చూడొద్దని బడిలో సారు పదిసార్లు చెప్పారు. నేనసలే మాటలో సందు వెతికే పిల్లను. ఉత్త కళ్ళతోనే కదా వద్దన్నది, అద్దం అడ్డం పెట్టుకుంటే సరిపోతుందనుకున్నాను. పగిలిన ఫోటో అద్దం ముక్క ఒకటి సంపాదించి, దాని మీద మడ్డి పూసి, రెండు రోజులు కొట్టం చూరులో ఆరబెట్టాను. కందిలి దీపం ముందు పెట్టి చూస్తే మంట కనిపించలేదు. ఇంకేం, నా అంత తెలివైనది జిల్లాలోనే లేదనుకున్నాను. గ్రహణం మొత్తం చూసి వచ్చి చెప్తానని స్నేహితురాళ్ళ దగ్గర గొప్పలు కూడా పోయాను.

ఆ మధ్యాహ్నం అవ్వ ఊరగాయ జాడీల మీద గరిక వేసింది. ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టింది. అది పడకుండా నిలబడేసరికి ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరి కళ్ళప్పగించి చూస్తున్నారు. ఆ సందు చూసుకుని నేను వెనక తలుపు తీసి కొట్టం దగ్గరికి జారుకున్నాను. ఎండ రంగు మారింది. కోళ్ళు వేళ కాని వేళ గూటికి చేరుతున్నాయి. బయట మనిషన్నవాడు లేడు. అద్దం కుడికంటి ముందు పెట్టుకుని తల ఎత్తాను.

ఎర్రగా, ఒక పక్క కొరికిన రొట్టెలాగా కనిపించాడు సూర్యుడు. కంట్లో నీళ్ళు రాలేదు, మంట లేదు. అయితే నా అద్దానికి ఒక లోపం ఉంది. ఆరబెట్టిన రెండు రోజుల్లో చీమలు మడ్డిని ఒక చోట నాకేశాయి. మిగతా చోట మసకగా ఉందని, మంచిగా కనిపిస్తోంది కదా అని నేను ఆ చీమలు తిన్న చోటునే కంటికి ఎదురుగా తెచ్చుకున్నాను. ఎంతసేపు చూడగలనో తెలుసుకోవాలని లెక్కపెట్టడం కూడా మొదలుపెట్టాను.

ముప్పై దాటుతుండగా తంబాకు వాసన వేసే అరచేయి ఒకటి వచ్చి నా కళ్ళను మూసేసింది. పక్కింటి అక్క గోడ దూకి వచ్చింది. తిడుతుందేమో, అవ్వను పిలుస్తుందేమో అనుకున్నాను. ఆమె ఏమీ అరవలేదు. నన్ను కొట్టం నీడలోకి ఈడ్చుకుపోయింది.

"ఎంతసేపు సూసినవ్?" అంది.

ఇప్పుడే వచ్చానని అబద్ధమాడాను. నిజం చెప్పమంది. ముప్పై దాకా లెక్కపెట్టానన్నాను. ఆమె అక్కడే పేడ నేల మీద కూలబడింది. నాకు కోపం వచ్చింది. నొప్పి లేదు, ఏమీ లేదు, ఎందుకంత చేస్తున్నావన్నాను.

"నొప్పి లేస్తే అందరు కండ్లు దించుకుందురు. లేవదు గాబట్టే గిట్లయితది, పిల్లా."

తర్వాత ఆమె చేసిన పని నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. అద్దాన్ని కుడితి తొట్టిలో ముంచి, కొంగుతో శుభ్రంగా తుడిచింది. మడ్డి డబ్బాలో బొటనవేలు ముంచి అద్దం నడిమధ్యన ఒక్కటే చుక్క, మందంగా పెట్టింది. దాన్ని నా కంటికి దగ్గరగా పట్టి తన వైపు చూడమంది. ఆమె కమ్మలు కనిపించాయి, జడ కనిపించింది, భుజాలు కనిపించాయి. ముఖం లేదు. నేను తల అటు తిప్పితే అద్దాన్నీ అటే జరిపింది. ఇటు తిప్పితే ఇటు జరిపింది. ఎటు తిరిగినా నేను చూడాలనుకున్న చోటే ఆ నల్ల మరక వచ్చి కూర్చుంటోంది. భయమేసి అద్దాన్ని తోసేశాను.

"నువ్వు తోసేసినవ్, నీకు పోయింది. నాకు పోదు" అంది.

తను నా వయసులో ఉన్నప్పుడు ఒకసారి చెరకు బండి మీద ఫ్యాక్టరీకి వెళ్ళిందట. బండ్ల వరస కదలక పొద్దంతా అక్కడే ఆగిపోయారట. ఏమీ తోచక పిల్లలంతా పందెం కాశారు. రెప్ప వాల్చకుండా సూర్యుణ్ణి ఎక్కువసేపు చూసినవాళ్ళకు మంచి చెరకు గడ. ఆ గడ ఆమే గెలిచింది. తెల్లారి లేచేసరికి తల్లి ముఖం ఉండాల్సిన చోట మరక ఉంది. దెబ్బలు పడతాయని చెప్పలేదు. తర్వాత చెప్పే వయసు వచ్చేసరికి, చెప్తే పనికిరాని పిల్ల అంటారని చెప్పలేదు. బీడీలు వేళ్ళతో తడిమి చుట్టడం నేర్చుకుంది. మనుషులను పక్క చూపుతో చూడటం నేర్చుకుంది.

"మా అమ్మకు గూడ ఎర్క లేదు. రెంజల్ దిక్కుకెళ్లి సంబంధమొచ్చింది, గీ ముచ్చట తెలిస్తే వాపస్ పోతరు" అంది. మళ్ళీ తనే, "పక్కకైతే నాకు అన్ని మంచిగనే కనవడ్తయి. నీ అద్దం మెరిసింది గట్లనే సూసిన. నువ్వు నా ఎనక నా నడక నడుస్తవు సూడు, అది గూడ సూసిన" అంది.

నేను తల దించుకున్నాను. అప్పుడు వచ్చింది ఏడుపు. ఏడుస్తూనే, ఈ సంగతి ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.

మర్నాడు పొద్దున ఆమె గోడ దగ్గర నా కోసం నిలబడి ఉంది. నేను అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళాను. చేతిలో ఒక బీడీ పెట్టి, ఒక్కో కన్ను మూసుకుని దారం చుట్లు లెక్కపెట్టమంది. ఎడమకంటికి మూడు చుట్లు. కుడికంటికి దారం లేదు, దాని చోట శనగగింజంత మసక ఉంది. చెప్పకముందే ఆమెకు అర్థమైపోయింది. నన్ను చేయి పట్టుకుని బాపు దగ్గరికి తీసుకెళ్ళి, తన సంగతి తప్ప జరిగిందంతా చెప్పింది. "దాసిపెట్టకుండ్రి, కొట్టకుండ్రి, దవాఖానకు తోల్కపోండ్రి" అంది.

నిజామాబాద్‌లో కళ్ళ డాక్టరు చూసి, దీనికి మందు లేదని, తగ్గితే దానంతటదే తగ్గాలని చెప్పారు. నెలల తరబడి రోజూ పొద్దున నేను గోడ దగ్గర దారం చుట్లు లెక్కపెట్టాను, అక్క వింది. శనగగింజ పెసరగింజ అయింది, పెసరగింజ నువ్వుగింజ అయింది. అక్కడితో ఆగిపోయింది. ఈ రోజుకీ కుడికన్నుతో చదివితే ప్రతి వరసలో ఒక అక్షరం వంకర పోతుంది.

ఆ తర్వాత అవ్వ మళ్ళీ కళ్ళు నెత్తికెక్కినాయన్నప్పుడు నేను కయ్యానికి దిగాను. ఎందుకో మాత్రం చెప్పలేదు. మాట నిలబెట్టుకున్నాను. పెళ్ళికి ముందే అక్క ఆ రెంజల్ అబ్బాయికి తానే ఈ విషయం చెప్పిందని, అయినా అతను వెనక్కి పోలేదని చాలా ఏళ్ళకు తెలిసింది. అంటే ఆ రోజు కొట్టంలో ఆమె బతుకులో అంతటి రహస్యం తెలిసిన మొదటి మనిషిని, పదేళ్ళ వదరుబోతును, నేనే. తనను రోజూ వెక్కిరించే పిల్ల కళ్ళ కోసం తన పెళ్ళిని ఆ పిల్ల నోట్లో పెట్టింది. నేనైతే ఆ పని చేసేదాన్ని కాదేమో.

అక్క ఇప్పుడు నిజామాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. "ఇగ రాసుకో, నాకెవల భయం" అని ఈ మధ్యే సెలవిచ్చింది. గ్రహణం వచ్చినప్పుడల్లా ఫోన్ చేసి, ఇంట్లో పిల్లలు ఎక్కడున్నారో ఒక్కొక్కరి పేరూ అడిగి మరీ కనుక్కుంటుంది. ముఖం చూడకుండా మాట్లాడేవాళ్ళను పొగరుబోతులనుకోవడం నేను ఎప్పుడో మానేశాను. ఆమె దగ్గరికి వెళ్ళినప్పుడు ఎదురుగా కూర్చోను. జానెడు పక్కకు జరిగి కూర్చుంటాను. నన్ను చూడటానికి ఆమె మెడ వంచాల్సిన పని ఉండదు.