లీలావతి టీచరు పూయించిన సిమెంటు

అమలాపురం గ్రంథాలయం హాల్లో నెలనెలా రెండో శనివారం సాయంత్రం పాత కట్టడాల మీద ఉపన్యాసం పెడతారు. పెట్టేది చరిత్ర లెక్చరర్‌గా రిటైరైన శ్రీరామచంద్రమూర్తిగారు. రెండేళ్ళలో మండువా లోగిళ్ళ మీద ఎన్ని ఉపన్యాసాలయ్యేయో, గుడిగోపురాల మీద ఎన్నయ్యేయో లెక్కలేదు. పేటలో కూలిజనం కట్టుకున్న బడి మీద మాత్రం ఒక్కటీ కాలేదు. ఆ బడిని సోమవారం పడగొడతారనగా, ఈ శనివారం లీలావతి టీచరుకి పదినిమిషాలిచ్చేరు. అదీ అందరూ టీలు తాగేసేక.

అరవయ్యారేళ్ళ లీలావతి ఆ బడిలోనే అక్షరాలు దిద్దింది. అక్కడే పాఠాలు చెప్పి, అక్కడే హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైంది. ఊళ్ళో బళ్ళు పేట పిల్లల్ని అరుగు దాటనివ్వని కాలంలో, పెద్దవాళ్ళు పగలంతా ఆసాముల చేలల్లో ఒళ్ళు హూనం చేసుకుని, పొద్దువాలేక వచ్చి ఆ గోడలు లేపేరు. నత్తగుల్లలు కాల్చి తీసిన సున్నాన్ని గానుగలో రుబ్బాలి. దానికి ఎడ్లు కావాలి. ఒక్క ఆసామీ ఇవ్వలేదు. ఆవిడ తాత ఏలీయా, ఇంకో ముగ్గురూ కాడి భుజాన వేసుకుని తిప్పేరు.

ప్రభుత్వ ఇంజనీరు రాజేంద్రప్రసాద్ రాసిన రిపోర్టు నకలు ఆవిడ సంచిలో ఉంది. గోడలు ఉబ్బేయి, పెచ్చులూడుతున్నాయి, పిల్లలకి ప్రమాదం అని రాసేడు. నిజమే. కారణం దగ్గర మాత్రం "నైపుణ్యం లేని కూలీల నాసిరకం పని" అన్నాడు. ఆ ముక్క చదివిన దగ్గర్నుంచీ ఆవిడకి ముద్ద దిగడం లేదు. అసలు కారణం ఆవిడకి తెలుసు. వెనక వరసలో కూచున్న తాపీమేస్త్రి భీమరాజుకీ తెలుసు.

పదేళ్ళ కిందట బడికి వందేళ్ళ పండగ. గోడలు నున్నగా మెరవాలనుకుంది ఆవిడ. మండువా ఇంటివాళ్ళకి పాతదనం పరువు. పేటకి అదే పాతదనం పేదరికం. మనకి మాత్రం సిమెంటు పడదా అనుకుంది. భీమరాజు అప్పుడే మొత్తుకున్నాడు. సున్నం గోడ చెమ్మ పీల్చుకుంటుంది, వదులుతుంది, పైన సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి ఇటుకని తినేస్తుందండీ అని. నువ్వు పూస్తావా, వేరే మేస్త్రిని పిలవమంటావా అందావిడ. పూసేడు.

ఇవాళ తెచ్చుకున్న కాయితంలో బడి చరిత్రంతా ఉంది, సిమెంటు మాట తప్ప. సగం చదివింది. పిలిస్తే వచ్చి ముందు వరసలో కూచున్న ఇంజనీరు ఫోన్లోంచి తల ఎత్తలేదు. మధ్యలో ఒక పెద్దరైతు, సోమేశ్వరరావుగారట, నవ్వుతూ లేచేరు.

"మా లోగిలి నూట నలభై ఏళ్ళదండీ. వెంట్రుకవాసి బీట లేదు. మీ తాతగారు అంత గట్టిగా కడితే ఇప్పుడెందుకు ఉబ్బిందండీ?"

హాల్లో నలుగురు కిసుక్కుమన్నారు. ఆవిడ కాయితం మడిచేసింది.

"మీ లోగిలికి మీరు సిమెంటు పూయించలేదండి. మా బడికి నేను పూయించేను."

జరిగిందంతా చెప్పింది. మేస్త్రి హెచ్చరించడం, తను వినకపోవడం, ఏదీ దాచలేదు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే హాల్లో సగం మంది. వాళ్ళ మొహాలు చూసే ధైర్యం లేకపోయింది.

"అయితే బడిని పడగొట్టేది ప్రభుత్వం కాదన్నమాట," అన్నారు సోమేశ్వరరావుగారు.

"ఆయ్, నేనేనండి. కూలీలు మాత్రం కాదు."

అప్పుడు ఇంజనీరు ఫోను జేబులో పెట్టేడు. మాటలతో రిపోర్టు మారదన్నాడు. రేపు పొద్దున్న వస్తాను, నేను చూపించినచోట చెక్కించండి, గోడ లోపల కూడా చెడితే సోమవారం కూల్చడం ఆగదన్నాడు.

ఆదివారం చర్చిలో ఆరాధన అవగానే పేటంతా బడి ముందు నిలబడింది. ఇంజనీరు కావాలనే పడమటి గోడ చూపించేడు. వానజల్లంతా దాని మీదే. భీమరాజు ఉలి పెట్టి కొట్టేడు. సిమెంటు అట్టలా ఊడొచ్చింది. వెనకాల ఇటుక తడితడిగా, పిండిలా కిందకి జారింది. జనంలో ఎవరో అయ్యో అన్నారు. ఇంజనీరు పెన్ను తీసేడు.

భీమరాజు ఎవరి మొహమూ చూడలేదు. ఆ పిండిని చేత్తో దులిపేసి ఇంకా లోపలికి చెక్కేడు. రెండంగుళాలు పోయేసరికి ఉలి ఖంగుమంది. ఇంకో చోట కొట్టేడు. అక్కడా అంతే. సుత్తి తీసి ఇంజనీరు చేతికిచ్చేడు. ఆయన మూడు దెబ్బలు కొట్టేడు. సున్నం చెక్కుచెదరలేదు.

కూల్చడం ఆపుతానన్నాడు ఇంజనీరు. కానీ కారణం దిద్దాలంటే తనకి ఆధారం కావాలి, ఈ నష్టం హెడ్మిస్ట్రెస్ చేయించిన మరమ్మతు వల్లనేనని ఆవిడే రాసివ్వాలన్నాడు. గొంతు తగ్గించి, దాంతో మీమీద ఎంక్వైరీ పడొచ్చండీ అని కూడా చెప్పేడు.

ఆవిడ మెట్టు మీద కూచుని రాయడం మొదలెట్టింది. భీమరాజు పక్కన గొంతుకూచున్నాడు.

"నా పేరూ రాయండి టీచరుగారూ. పూసింది నేనేగా."

"రాస్తున్నాను. నువ్వు వద్దన్నావనీ, నేనే బలవంతాన పూయించేననీ రాస్తున్నాను."