అత్తగారి మంచం వైపు ఒరిగిన తొట్టె

మొన్న సింగపూర్‌లో, యూ టీ పేటలోని తమ ఇంట్లో మా అల్లుడు కొత్త చేపల తొట్టె కోసం స్టాండు నిలబెట్టి, దాని మీద ఫోను పెట్టి మట్టం చూసుకుంటూ, "నేల కాస్త వాలుగా ఉంది అత్తయ్యా, ఏం ఫరవాలేదు" అన్నాడు గాని, ఆ మాట చెవిన పడగానే చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

మేము బుకిట్ బటోక్‌లో అద్దెకున్న రోజుల్లో, పక్షవాతంతో మాట పడిపోయిన మా అత్తగారిని మావారు తన దగ్గరికి తెచ్చుకున్నారు. హాల్లో మంచం మీద గోడకేసి చూస్తూ పడుకునే ఆవిడకు కాలక్షేపంగా ఉంటుందని, ఎవరో ఇల్లు మారుతూ వదిలేసిన పెద్ద అద్దాల తొట్టెను మోయించుకొచ్చి మంచానికి ఎదురుగా పెట్టారు. ఆ నేల సరిగ్గా మంచం వైపే వాలు. స్టాండు ఊగుతుంటే ముందరి కాళ్ళ కింద అట్టముక్కలు మడిచిపెట్టి, సరిపోయిందనుకుని గొట్టంతో నీళ్ళు వదిలారు.

తొట్టె సగానికి పైగా నిండాక, కారిన నీళ్ళకు నానిన అట్ట చితికిపోయి, స్టాండు ఒక్కసారిగా ముందుకు ఒరిగింది. మావారు ఎదురువెళ్ళి ఛాతీ ఆనించి ఆపారు.

"ముందు కుళాయి కట్టెయ్! అమ్మ మంచం లాగు!"

కుళాయి కట్టేసి వచ్చి ఎంత గుంజినా ఆ బరువు చెక్కమంచం కదలలేదు. స్టాండు కిర్రుమంటోంది, ఆయన మెడ నరాలు ఉబ్బుతున్నాయి, అత్తగారు రెప్ప వెయ్యకుండా కొడుకునే చూస్తున్నారు. నేను వరండాలోకి పరుగెత్తి ఎదురింటి మలయ్ ఆంటీని కేకేశాను. పిండి చేతులతోనే వచ్చిన ఆవిడ "పెలాన్, పెలాన్ లా" అని నన్ను నెమ్మదించమంటూ మంచం రెండో వైపు పట్టుకుంది. ఇద్దరం కలిసి మంచాన్ని వంటింటి గుమ్మం దాకా లాగేసి, బకెట్లతో తొట్టెలోని నీళ్ళు తోడసాగాం.

అప్పుడు వెనకనుంచి ముద్దముద్దగా ఒక గొంతు వినిపించింది.

"ఒరే... కాళ్ళు... జారతాయి."

నెలల తరబడి మూగగా ఉన్న అత్తగారి నోట వచ్చిన మొదటి మాట అది. తొట్టె వదలడానికీ లేక, వెనక్కి తిరగడానికీ లేక, మావారు అద్దానికి చెంప ఆనించి అలాగే ఏడ్చేశారు.

తరువాత గట్టి చెక్కముక్కలతో స్టాండు మట్టానికి వచ్చింది, చేపలూ వచ్చాయి. అత్తగారు వాటిని చూస్తూ మరికొన్ని మాటలు కూడదీసుకుని, ఆ మాటలను ఎక్కువగా నన్ను కోప్పడటానికే వాడుకుంటూ, ఇంకొన్నేళ్ళు మాతో ఉన్నారు.

ఇప్పుడు ఆవిడా లేరు, మావారూ లేరు. నేనుండే అంతస్తులో తలుపులన్నీ రోజంతా మూసే ఉంటాయి; అంత ఆపదే మళ్ళీ వస్తే, ఎదురింటివారిని ఏమని పిలవాలో కూడా నాకు తెలియదు.