సత్తిరాజుగారి తోముడు

సత్తిరాజుగారు పళ్ళు తోముకోవడం మొదలుపెట్టాక, రాజోల్లో బయల్దేరిన బస్సు అమలాపురం చేరి, డ్రైవరు టీ తాగి, మళ్ళీ రాజోలు వచ్చినా ఆయన ఇంకా పుక్కిలించి ఉండరు. ఇది గిట్టనివాళ్ళు చెప్పే మాట కాదు. ఆయనకి గిట్టనివాళ్ళు లేరు. పైగా ముప్ఫై రెండేళ్ళు అదే రూట్లో కండక్టరుగా చేసిన మనిషి కాబట్టి, టైము విషయంలో ఆయన కూడా అభ్యంతరం చెప్పలేదు.

ఇంట్లో తోముకుంటే ఎవరికీ పట్టేది కాదు. తెల్లారి ఆరింటికి బ్రష్షు నోట్లో పెట్టుకుని, భుజాన తువ్వాలేసుకుని కాలవగట్టు వీధిలో పడేవారు. గేటుకో స్టాపు. అక్కడ నిలబడి తోముతారు. లోపలివాళ్ళు ఏదో ఒకటి చెబుతారు. నోటినిండా నురగ కాబట్టి ఆయన దగ్గర రెండే మాటలుండేవి. ఒకటి 'ఊఁ', రెండోది 'ఊహూఁ'. ఆ రెండు మాటలతోనే ఆయన వీధి మొత్తానికి పెద్దమనిషిగా చెలామణీ అయిపోయారు.

"దూడని అమ్మెయ్యమంటారా, ఉంచమంటారా?" అని రిటైరైన ఆనందరావు మాస్టారు అడిగితే, ఈయన కాసేపు కింది పళ్ళు తోమి, "ఊఁ" అన్నారు. మాస్టారు దూడని ఉంచేసుకున్నారు. "సత్తిరాజుగారు బాగా ఆలోచించి చెప్పేరండి" అని అందరికీ చెప్పుకున్నారు. మాస్టారింట్లో ఆయనా, ఆ దూడా తప్ప మూడో ప్రాణి లేదు.

తరవాతి స్టాపు ఉమామహేశ్వరిది. పెళ్ళయిన రెండు నెలలకే మొగుడు కువైట్ వెళ్ళాడు. "నిన్న ఫోన్లో నాలుగు ముక్కలే మాట్లాడేరు బాబాయిగారూ. నామీద కోపమొచ్చిందంటారా?" అని ఆ పిల్ల గేటు ఊచలు పట్టుకుని అడిగేది. "ఊహూఁ" అనేవారు ఈయన, తల కూడా అడ్డంగా ఊపి. ఆ ఒక్క ఊహూఁతో పిల్లకి సాయంత్రందాకా సరిపోయేది.

అన్నిట్లోకీ పెద్ద స్టాపు బుచ్చమ్మగారిది. అరుగు మీద కుర్చీలో కూర్చుని, రాత్రి వచ్చిన కలని మొదట్నించీ చివరిదాకా చెప్పేవారావిడ. ఆ కలల్లో చాలామంది ఉండేవారు. ఆవిడ ఇంట్లో మాత్రం ఎవరూ ఉండేవారు కాదు.

ఇదంతా సత్తిరాజుగారి ఎదురింటి మేడ మీంచి ఒకావిడ పళ్ళు నూరుకుంటూ చూసేది. ఆవిడ పేరు మాధురి. పళ్ళ డాక్టరు. పాలకొండ నుంచి వచ్చి కింద క్లినిక్కు పెట్టుకుని, పైన ఒక్కతే ఉంటోంది. వచ్చి ఎనిమిది నెలలైనా ఊళ్ళో స్నేహమంటూ కుదరలేదు. రోజంతా మనుషులతోనే పని గానీ, నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళు మాట్లాడలేరు. మాట్లాడగలిగేసరికి లేచి వెళ్ళిపోతారు. సాయంత్రం షట్టరు దించాక మర్నాడు పొద్దున్నదాకా ఆవిడ గొంతు ఆవిడకే వినపడేది కాదు.

అలాంటి మనిషి కళ్ళముందు సత్తిరాజుగారు గట్టి బ్రష్షుతో గంటసేపు చిగుళ్ళు అరగదీసుకుంటుంటే, పంటచేలో పశువులు పడి మేస్తుంటే రైతు చూస్తూ నిలబడ్డట్టుండేది. పైగా ఆయన ఆవిడ గేటు దగ్గర కూడా ఆగేవారు.

"సత్తిరాజుగారూ, రెండు నిమిషాలు చాలండి."

"ఊఁ."

"అంత గట్టిగా తోమితే చిగుళ్ళు పైకి పోతాయండి."

"ఊఁ."

"మీరు వినడం లేదు."

"ఊహూఁ."

రోజూ పది నిమిషాలు బాల్కనీలోంచి తిట్టేది. తిట్టి, కాఫీ తాగి, కాస్త హుషారుగా కిందికి దిగేది. ఎందుకు హుషారో ఆలోచించలేదు.

ఒకనాడు ఆయన పై పెదవి పట్టుకుని క్లినిక్కులోకి వచ్చారు. "జిల్లుమందండి. కొబ్బరినీళ్ళు కూడా నామీద పగబట్టేయండి. కోనసీమలో పుట్టినోడికి ఇంతకన్నా శిక్ష ఏముంటుందండి?"

మాధురి అద్దం పట్టి చూపించింది. పై నాలుగు పళ్ళకీ చిగురు పైకి జరిగి, పంటి వేళ్ళు బయటపడ్డాయి.

"పంచె ఎగ్గట్టినట్టుందండి" అన్నారాయన.

"గంటసేపు మీరు చేసే హింసకి ఏ చిగురైనా పంచె ఎగ్గట్టి పారిపోతుంది. దీనికి రెండు దారులున్నాయి. అంగిట్లోంచి చిన్న ముక్క తీసి ఇక్కడ అతికి కుట్టడం ఒకటి."

"అంగిట్లోదాన్ని అక్కడే ఉండనివ్వండి. ఎవరి చోటు వాళ్ళదండి."

"మీకు ఆ అవసరం లేదు లెండి. మత్తిచ్చి, చిగురుకి సూదిమొనంత కన్నం పెట్టి, అందులోంచి లోపల వదులుచేసి కిందికి జారుస్తాను. పెద్ద కోత లేదు, కుట్లు లేవు."

"అంటే, పంచె దింపుతారన్నమాట."

"ఆయ్" అంది మాధురి. అవుననడానికి కోనసీమవాళ్ళు అనే ఆ మాట, ఈ ఊరొచ్చాక ఆవిడ నోట రావడం అదే మొదలు.

తరవాత కుర్చీ దగ్గరికి లాక్కుని గట్టిగా చెప్పింది. "ఒక్క షరతు. మూడు వారాలు అక్కడ బ్రష్షు తగలకూడదు. పుక్కిలించడానికి మందిస్తాను. బ్రష్షు తగిలి ఆ చిగురు మళ్ళీ పైకి పోతే, దింపడానికి ఇంకేమీ మిగలదు, పళ్ళు కదులుతాయి. ఈ ఊళ్ళో ఇలాంటిది నేను చేయడం ఇదే మొదలు. పాడైతే మీకు పళ్ళుండవు, నాకు పేరుండదు."

"ఆయ్. తగలనివ్వనండి."

"అసలు ఇంతసేపు ఎందుకు తోముతారండి?"

సత్తిరాజుగారు నవ్వారు. "మా ఆవిడ చిన్నమ్మలున్నప్పుడు వంటింట్లోంచి కేకేసేదండి, 'ఏమండీ, కాఫీ చల్లారిపోతోందండీ' అని. అప్పుడు ఆపేవాణ్ణి. ఆవిడ పోయి పదకొండేళ్ళు. కేకేసేవాళ్ళు లేరు కదండి. ఎప్పుడు ఆపాలో తెలీదు."

నవ్వుతూనే చెప్పారు గానీ, మాధురికి ఆ పూటంతా మనసు మనసులో లేదు.

చికిత్స బాగానే జరిగింది. మర్నాటినుంచి వీధి పాడుపడ్డట్టయింది. ఆరయ్యేసరికి గేట్ల దగ్గర జనం నిలబడేవారు. బస్సు రాని స్టాపులో ప్రయాణికుల్లా అటూ ఇటూ చూసి లోపలికి పోయేవారు. మాధురి బాల్కనీలో నిలబడి, తిట్టడానికి ఎవరూ లేక, కాఫీ సగం వదిలేసేది.

నాలుగోరోజు ఆనందరావు మాస్టారు క్లినిక్కుకొచ్చారు, పన్ను నొప్పని. ఏ పన్నంటే చెప్పలేకపోయారు. పళ్ళన్నీ శుభ్రంగా ఉన్నాయి. దూడ గడ్డి సరిగా తినడం లేదని మాత్రం వివరంగా చెప్పి వెళ్ళారు. సాయంత్రం ఉమామహేశ్వరి వచ్చింది. ఆ పిల్ల పళ్ళూ ముత్యాల్లా ఉన్నాయి. "ఏంటమ్మా బాధ?" అంటే, "నిన్న ఆయన ఫోనే చెయ్యలేదండి" అంది. మాధురి ఏమనాలో తెలియక "ఊహూఁ" అంది. పిల్ల మొహం కాస్త తేటపడింది.

ఏడోరోజు పొద్దున్న మాధురి కాఫీ గ్లాసుతో బాల్కనీలోకి వచ్చి చూస్తే, బుచ్చమ్మగారి గేటు దగ్గర సత్తిరాజుగారు, నోట్లో బ్రష్షు.

రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులేసుకుని మెట్లు దిగి పరిగెత్తింది. "తియ్యండి. ముందు అది బయటికి తియ్యండి" అని ఆయన చేతిలోంచి బ్రష్షు లాక్కుంది.

లాక్కుని చూస్తే దానికి కుచ్చు లేదు. ఒక్క పోగు కూడా లేకుండా పీకేసి ఉంది. ఉత్త పుల్ల.

"నిన్నంతా కూర్చుని పట్టకారుతో పీకేనండి. చిగురుకి తగలనివ్వలేదు, కావలిస్తే చూసుకోండి" అన్నారాయన, నేరం చేసినవాడిలా.

"మరి ఈ పుల్ల నోట్లో పెట్టుకుని తిరగడం దేనికండి?"

ఆయన ఆవిణ్ణి గేటుకి నాలుగడుగుల అవతలికి తీసికెళ్ళి గొంతు తగ్గించారు. "ఉత్తచేతుల్తో గుమ్మంలో నిలబడితే మనం చుట్టమండి. చుట్టాన్ని కాఫీ ఇవ్వకుండా పంపరండి ఇక్కడ. మొన్న అలాగే వెళ్ళేను. బుచ్చమ్మగారు ఆ మోకాళ్ళతో గోడ పట్టుకుని వంటింట్లోకెళ్ళేరు. పాలు లేవు, పక్కింట్లో అడిగేరు. డాక్టరుగారు వేడి వద్దన్నారండి అంటే, పావుగంట నిలబడి ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి ఒంపి చల్లార్చేరు. నాకు తలకొట్టేసినట్టయిందండి. నోట్లో బ్రష్షున్నవాడికి ఎవరూ కాఫీ ఇవ్వరు. కూర్చున్నచోటినుంచి లేవక్కర్లేదు."

"నాలుగు రోజులు వెళ్ళకపోతే ఏమవుతుందండి?"

"మూడేళ్ళ కిందట వానల్లో ఆవిడ బాత్రూములో పడిపోయేరండి. మధ్యాహ్నందాకా ఎవరికీ తెలీదు. అప్పట్నించీ పొద్దున్నే ఆ తలుపు తీసుందా లేదా చూడందే నాకు తోచదు. మాస్టారిదీ అంతే, ఆ అమ్మాయిదీ అంతే. మీరెలా ఉన్నారో చూడ్డానికొచ్చేనంటే చిన్నబుచ్చుకుంటారు కదండి. పళ్ళు తోముకుంటున్నాననుకోండి, ఎవరికీ ఏ బాధా లేదు."

"మరి మా గేటు దగ్గర ఎందుకాగేవారు?" అని అడిగింది మాధురి.

ఆయన సమాధానం చెప్పడానికి కాస్త సిగ్గుపడ్డారు. "కొత్తగా వచ్చేరు కదండి. రోజూ మీరొక్కరూ కాఫీ తాగుతుంటే చూసేను. తిట్టడానికైనా ఒకళ్ళుంటే బాగుంటుందని."

మాధురికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తిరిగి ఊరుకోకుండా జారేవే గానీ, అరుగు మీంచి బుచ్చమ్మగారు అడ్డుపడ్డారు. "ఏమ్మా డాక్టరమ్మా, ఆయన బ్రష్షు లాక్కున్నావేంటి? కల సగంలో ఉంది."

మాధురి పుల్లని తన చీరకొంగుతో తుడిచి ఆయన చేతికిచ్చింది. "కానివ్వండి" అంది.

మూడు వారాలూ అలాగే గడిచాయి. ఆఖరిరోజున దీపం వేసి చూస్తే, చిగురు దింపినచోటే గులాబీరంగులో నిలబడి ఉంది. మాధురి మెత్తటి బ్రష్షు ఒకటి తీసి ఆయనకిచ్చింది. "రేపట్నించి దీంతో తోముకోవచ్చు. మెల్లిగా, రెండు నిమిషాలే."

"ఆయ్. రెండు నిమిషాలైందని నాకెలా తెలుస్తుందండి?"

మాధురి అటు తిరిగి చేతులు కడుక్కుంది.

మర్నాడు ఆరింటికి సత్తిరాజుగారు తన వాకిట్లో కొళాయి దగ్గర నిలబడి, కొత్త బ్రష్షుతో మెల్లిగా తోమడం మొదలుపెట్టారు. సరిగ్గా రెండు నిమిషాలకి ఎదురింటి బాల్కనీలోంచి కేక వినపడింది.

"సత్తిరాజుగారూ, కాఫీ చల్లారిపోతోందండీ."

ఆయన చెయ్యి ఆగిపోయింది. తరవాత పుక్కిలించి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నారు. పనిలో పనిగా కళ్ళు కూడా తుడుచుకున్నారు. అప్పుడు జేబులోంచి కుచ్చులేని బ్రష్షు తీసి నోట్లో పెట్టుకుని, బాల్కనీ వైపు మూడు వేళ్ళు చూపించారు. ఇంకా మూడు స్టాపులున్నాయని.

బుచ్చమ్మగారి కల ఆవేళ మరీ పొడుగ్గా ఉంది. కాఫీ నిజంగానే చల్లారిపోయింది. మాధురి మళ్ళీ వేడిచేసింది. మూడోసారి గిన్నె పొయ్యి మీద పెడుతుంటే గేటు చప్పుడైంది. సత్తిరాజుగారు నోట్లోంచి బ్రష్షు తీసి జేబులో పెట్టుకుని, చుట్టంలా లోపలికి వచ్చారు.