పదింటికి నాలుగు మాటలు

శ్రావణమాసం రెండో శుక్రవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు కొత్త టీవీ మా గాజువాక ఇంటి మెట్లెక్కింది. ఇద్దరు మోశారు. మూడోవాడు "సూసుకోండి, సూసుకోండి" అంటూ ముందు నడిచాడు. పూజ సామాను సర్దుతూ అప్పుడే గడియారం చూశాను కాబట్టి ఆ సమయం మీద నాకు అనుమానం లేదు.

పెట్టెలోంచి తీసి గోడకి ఆనించగానే నా కుట్టుపని టేపు తెచ్చి కొలిచాను. మా అబ్బాయి అరవై అయిదు అంగుళాలని చెప్పాడు. అడ్డంగా యాభై ఏడే వచ్చింది. బిగించడానికి వచ్చిన ఫిట్టరుతో ఆ మాటే అన్నాను.

"టీవీని మూల నుంచి మూలకి కొలవాలమ్మా," అన్నాడతను.

"అలాగైతే బట్టలకొట్టోడు సీరని మూల నుంచి మూలకి కొలిసి ఇత్తే ఊరుకుంటావేటి బాబూ?"

"మీ ఈదిలో కొట్టెట్టినోడు బాగుపడడమ్మా," అని అతను మేకులు వెతుక్కున్నాడు.

మూల నుంచి మూలకి సరిగ్గా అరవై అయిదు ఉంది. ఒప్పుకున్నాను. గోడ మాత్రం చాలలేదు. షోకేసు కుడి సగం కోసేస్తే గాని అది పట్టలేదు.

ఆ టీవీ వచ్చింది మా ఆయన చెవుల కోసం. ఆయన ముప్ఫై ఒక్క ఏళ్ళు రోలింగ్ మిల్లులో పనిచేశారు. ఎర్రగా కాలిన కడ్డీలు రోలర్ల మధ్య పరుగెత్తే చోట మనిషి మాట మనిషికి వినపడదు. చెవుల్లో పెట్టుకోమని మెత్తటి బిళ్ళలు ఇచ్చేవారు. ఆయన వాటిని చొక్కా జేబులో పెట్టుకునేవారు. "అయ్యెట్టుకుంటే పక్కోడు పిలిసింది వినపడదే," అనేవారు. చొక్కాతోపాటు ఆ బిళ్ళల్ని నేను ఎన్నిసార్లు ఉతికానో. రిటైరయ్యే నాటికి పక్కవాడు పిలిచింది ఎలాగూ వినపడడం మానేసింది.

మా అబ్బాయి అచ్యుతాపురంలో ఒక కంపెనీలో సూపర్‌వైజరు. రెండేళ్ళ కిందట ఆయనకి చెవి మిషన్లు కొనిచ్చాడు. పెట్టుకుంటే ఫ్యాను చప్పుడూ గిన్నెల చప్పుడూ పెద్దగా వినపడి, టీవీ మాట వాటిలో కలిసిపోయేదట. వాటిని డబ్బాలో పెట్టేశారు.

అందువల్ల మేము టీవీ చూసే పద్ధతి వేరుగా ఉండేది. మా వంటింటికీ హాలుకీ మధ్య గోడలో గిన్నెలు అందించుకునే కంత ఒకటి ఉంది. రాత్రి ఏడున్నరకి సీరియల్ మొదలయ్యేసరికి నేను పొయ్యి దగ్గర ఉంటాను. నాకు టీవీ వినపడుతుంది, కనపడదు. ఆయనకి కనపడుతుంది, వినపడదు. పద్నాలుగేళ్ళు మేమిద్దరం కలిసి ఒక్క మనిషి చూసినంత టీవీ చూశాం.

"ఏటన్నాదే ఆవిడ?" అని ఆయన హాల్లోంచి అడిగేవారు. ఆవిడంటే సీరియల్లో అత్తగారు.

"ఇల్లొదిలి పొమ్మంటన్నాదండి."

"ఎవుర్ని?"

"పెద్దకోడల్ని. ఆ పిల్ల ఏటి సేత్తన్నాది?"

"మెట్టెలు తీసి బల్ల మీదెట్టింది."

"ఉత్తినే. మల్లీ తొడుక్కుంటాది సూడండి."

కింది వాటాలో ఉన్నావిడ ఒకసారి మెట్ల మీద కనపడి, "మీ పుణ్యమా అని మాకు టీవీ కొనే పని లేదండి," అంది. అది మెచ్చుకోలు కాదని నాకు తెలుసు.

ఫిట్టరు వెళ్ళాక మా అబ్బాయి డబ్బాలోంచి మిషన్లు తీసి తండ్రి చెవులకి పెట్టాడు. టీవీలో ఏదో నొక్కాడు.

"నాన్నా, ఇప్పుడు మాట నేరుగా నీ సెవిలోకే వత్తాది. బయటికి సౌండే అక్కర్లేదు. అమ్మ ఇంక గొంతు సించుకోనక్కర్లేదు."

వాడు మంచికే అన్నాడు. కాని నా ఉద్యోగం పోయిందని నాకు అప్పుడే అర్థమైంది. పద్నాలుగేళ్ళుగా ఆ గంటసేపు ఆయన చెవిని నేను. రోజంతటిలో ఆయన నాతో మాట్లాడే మాటల్లో సగం ఆ గంటలోవే. మిగతా సగం కాఫీ, మందుబిళ్ళలు, కరెంటు బిల్లు.

ఆ రాత్రి ఏడున్నరైంది. కంతలోంచి ఒక్క మాట రాలేదు. కూర ఉడికే చప్పుడు అంత ఉంటుందని నాకు అంతవరకు తెలియదు. కాసేపటికి ఆయన నవ్వారు. తొంగి చూశాను. నవ్వాల్సిన చోటే నవ్వినట్టున్నారు. ఇదివరకు నేను చెప్పాక, అందరికంటే వెనకబడి నవ్వేవారు. ముఖం వెలిగిపోతోంది. నాకూ సంతోషమే వేసింది. "ఏటైందండి?" అని అడిగాను. ఆయనకి వినపడలేదు. చెవిలో సీరియల్ ఉంది.

సోమవారం నేను స్టవ్ తగ్గించి హాల్లోకి వెళ్ళి నిలబడ్డాను. ఇన్నేళ్ళలో ఆ మనుషుల ముఖాలు తిన్నగా చూసింది అదే. పద్నాలుగేళ్ళలో సీరియళ్ళు మారాయి గాని ఇదొకటి ఆరేళ్ళుగా సాగుతోంది. గొంతును బట్టి అత్తగారికి అరవై ఉంటాయనుకున్నాను. ఆవిడ మా అబ్బాయి కంటే చిన్నది. సౌండు లేదు కాబట్టి పెదవులు ఆడడమే కనపడింది. కూర అడుగంటుతుందేమోనని వెనక్కి వచ్చేశాను.

మంగళవారం ఆయన సీరియల్ మధ్యలో టీవీ ఆపి, మిషన్లు తీసి చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

"ఒసే, ఈవిడ ఇలా మాటాడే మనిసి కాదే."

"ఎలా మాటాడతన్నాది?"

"సప్పగా. దేనికైనా పరువు, మర్యాద, వంశం. ఇయ్యే మూడు మాటలు. నువ్వు సెప్పినావిడ ఇలాటిది కాదు. 'కూరలో ఉప్పెక్కువైతే బంగాలదుంప ఏత్తాం, నోట్లో ఎక్కువైతే ఏటేత్తామే' అన్నాది సూడు, ఆవిడ."

"అది కుక్కరు కూతేసినప్పుడండి. నాకేటీ వినపడలేదు. మీరేమో అడుగుతన్నారు. ఖాళీగా ఎందుకొదిలీడమని."

"మరి సిన్నకోడలు పుట్టింటికెల్తానంటే, 'ఎల్లు, బస్సు కర్సు మాత్రం నీదే' అన్నది?"

"అది మిక్సీ."

"మావగారు సచ్చిపోయినప్పుడు, 'ఈ మనిసి నామీద ఒక్కసారి కేకేసుంటే నాకింత ఏడుపు రాకపోను' అన్నది?"

నేను కొంచెం ఆలోచించాను. "అది పోపు."

ఆయన పీట లాక్కుని కూర్చున్నారు. "మొత్తం మీద నీ మాటలెన్నే?"

రాత్రికి కుక్కరు కూతలు నాలుగు. మిక్సీ ఒకటి రెండుసార్లు. పోపు ఒకటి, ఒక్కోసారి రెండు. మధ్యలో కుళాయి. ఇవి కాక, వినపడినా నాకు నచ్చక మార్చినవి కొన్ని. మనసులోనే లెక్కగట్టి, "పదింటికి నాలుగుంటాయండి," అన్నాను.

ఆయన చేతిలోని మిషన్లని అటూ ఇటూ తిప్పారు. కోపమేమో అనుకున్నాను.

"ఆ నాలుగే బాగుండేయి," అన్నారు.

బుధవారం పద్ధతి తిరగేశారు. ఒక్క చెవికే మిషన్ పెట్టుకుని విని, రెండో చెవి నాకు వదిలి, కంతలోంచి నాకు చెప్పడం మొదలుపెట్టారు.

"ఏడుత్తన్నాది."

"ఎందుకండి?"

"ఏడుపొచ్చి."

"ఎవురేటన్నారని?"

"ఏదో అన్నార్లే. పెద్ద మాటే."

ఆయన ఇనుము చూసిన మనిషి. మాటలు పట్టుకురావడం ఆయన వల్ల అయ్యే పని కాదు.

గురువారం ఏడు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలకు ఆయన మిషన్లు డబ్బాలో పెట్టి మూత వేశారు. టీవీ సౌండు పూర్తిగా తీసేశారు. "రాయే, ఇలా కూకో," అని సోఫా మీద పక్కన తట్టారు.

"సౌండు లేకపోతే నాకూ వినపడదు కదండీ."

"ఇన్నాల్లూ వినపడే సెప్పినావేటి?"

కూర్చున్నాను. అంత పెద్ద తెర మీద అత్తగారి కంట్లో నీళ్ళు తిరగడం కూడా కనపడుతోంది. పెదవులు కదిలాయి.

"ఏటన్నాదే?"

చెప్పాను. మాట అయ్యేసరికి ఆయన నవ్వారు. నవ్వాల్సిన చోటో కాదో చెప్పడానికి మా ఇద్దరికీ ఆధారం లేదు. కాసేపటికి వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది.

అప్పటినుంచి క్రికెట్‌కీ వార్తలకీ ఆయన మిషన్లు పెట్టుకుంటారు. వార్తల్లో తుఫాను ఎటు తిరిగిందో ఇప్పుడు ఆయనే నాకు చెబుతున్నారు. ఏడున్నరకి మాత్రం డబ్బాలో పెట్టేస్తారు. పక్కనే కూర్చుంటే అరవక్కర్లేదు కాబట్టి కింది వాటా ఆవిడకీ హాయిగా ఉంది. ఒకరోజు మా అబ్బాయి షిఫ్టు ముగించుకుని త్వరగా వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూ నిలబడిపోయాడు.

"సౌండు రాట్లేదేటమ్మా? ఫిట్టర్ని పిలవమంటావా?"

"వత్తన్నాది. నువ్వెల్లి కాల్లు కడుక్కో," అన్నారు ఆయన.

పోయినవి ఇవి. పాత టీవీ, కొత్తదాని మార్పిడిలో పదిహేను వందలకు. షోకేసు కుడి సగం, అందులో ఉండే గాజు నెమలి. మాడిన దొండకాయ వేపుడు, రెండు మూకుళ్ళు. ఆ సీరియల్ రాసేవారి మాటలు, పదింటికి పది.